గుడ్లగూబల ఊళ్ళో ఒక రోజు

మా మనవరాలు ఈత కొడుతుంది. ఈ ముక్క రాజమండ్రిలో చెబితే, "గోదావరి ఒడ్డు వాళ్ళ పిల్ల ఈత కొట్టక మరేం చేస్తుందీ?" అంటారు. కాని ఈ పిల్ల పుట్టింది గోదావరి ఒడ్డున కాదు. అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో, కొలంబస్ అనే పట్నంలో. అక్కడ ఈతంటే రేవులో దూకడం కాదు. తెల్లవారుజామున అయిదింటికి లేచి, తల్లో తండ్రో కారులో దింపితే, మందు వాసన కొట్టే నీళ్ళల్లో అడుగున గీసిన నల్లగీత వెంబడి ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ రెండేసి గంటలు కొట్టుకోవడం. పదేళ్ళుగా ఇదే వరస. సెకనులో నూరో వంతు తేడా వచ్చిందని ఆ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకోవడం నేను స్వయంగా చూశాను. నూరో వంతు సెకనంటే ఎంతో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

2024 అక్టోబరులో నేనూ, మా ఆవిడా అమ్మాయి ఇంట్లో వున్నాం. పిల్ల పన్నెండో క్లాసు. మేం దిగిన మర్నాటికే ఇంట్లో గాలి కొంచెం బిగుసుకుని వున్నట్టు తెలిసిపోయింది. భోజనాల దగ్గర కాలేజీ మాట వస్తే అల్లుడుగారు మంచినీళ్ళు తాగేవారు, అమ్మాయి వంటింట్లోకి వెళ్ళేది, పిల్ల కంచంలోకి చూసేది. మెల్లిగా రాబట్టగా తేలింది ఇదీ: ఊళ్ళోనే వున్న ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో ఇంజనీరింగు చదివించాలని అల్లుడుగారి వుద్దేశం. పిల్లకి మాత్రం గేంబియర్ అనే పల్లెటూళ్ళో వున్న కెన్యన్ కాలేజీ మీద మనసు. అక్కడి ఈత జట్టు కోచి నాలుగు నెలలుగా దానికి ఉత్తరాలు రాస్తున్నారట.

"అది ఏం కాలేజీ?" అన్నాను.

"లిబరల్ ఆర్ట్స్ కాలేజీ, నాన్నా" అంది అమ్మాయి, ఏదో జబ్బు పేరు చెప్పినట్టు.

నాకు కొంచెం నవ్వొచ్చింది. నేను చదివిందీ రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలోనే. ఆ సాయంత్రం ఫోనులో మా తమ్ముడితో చెబితే, "ఆర్ట్స్ కాలేజీయా? అమెరికా వెళ్ళి బి.ఏ. చదవడమేమిటన్నయ్యా!" అని నిర్ఘాంతపోయాడు. వాడి పొరపాటు కొంత, మాట చేసే మోసం కొంత. లిబరల్ ఆర్ట్స్ అంటే బొమ్మలు వెయ్యడం కాదు, బి.ఏ. అనే పేరుతోనే లెక్కలు, రసాయనం, జీవశాస్త్రం కూడా చెబుతారు. నాలుగేళ్ళలో మొదటి రెండేళ్ళూ అన్నీ కాస్త కాస్త రుచి చూసి, తరవాత ఒకటి ఎంచుకోవాలి. చిన్న క్లాసులు, పాఠం చెప్పేది ప్రొఫెసర్లే గాని వాళ్ళ శిష్యులు కాదు. ఎం.ఏ.లూ పిహెచ్.డి.లూ అక్కడ వుండవు. ఇంజనీరింగు డిగ్రీ కూడా వుండదు. కావాలంటే మూడేళ్ళిక్కడా, రెండేళ్ళు మరో ఇంజనీరింగు కాలేజీలోనూ చదివి రెండు డిగ్రీలు తెచ్చుకునే పద్ధతి ఒకటి వుందన్నారు. అల్లుడుగారి ముఖాన ఆ మాటకి మాత్రమే కాస్త వెలుగు వచ్చింది.

"మావయ్యగారూ, మీరూ రండి. పెద్దవారు, మీరు చూస్తే తెలుస్తుంది" అన్నారాయన. తన పక్షాన సాక్ష్యం చెప్పడానికి పిలుస్తున్నారని నాకు తెలుసు. పిల్ల కూడా "తాతయ్యా, నువ్వు రావాలి" అంది. అదీ ఆ వుద్దేశంతోనే. ఇద్దరి సాక్షినీ నేనే అయి, మా ఆవిడతో సహా కారెక్కాను.

కొలంబస్ నుంచి ఈశాన్యంగా గంట పైచిలుకు ప్రయాణం. పట్నం దాటితే మొక్కజొన్న చేలు. కోతకి వచ్చి ఎండిపోయి, గాలికి గలగలమంటున్నాయి. దారిలో ఒకచోట నల్లటి గుర్రబ్బండి ఎదురయింది. కరెంటూ కార్లూ వద్దనుకుని బతికే ఆమిష్ అనే మతస్థులు ఆ ప్రాంతాల్లో వున్నారు. "అమెరికా వచ్చి ఇదే చూడ్డం, జట్కా!" అని మా ఆవిడ సంతోషించింది. మౌంట్ వెర్నన్ అనే చిన్న పట్నం దాటాక అయిదు మైళ్ళకి గేంబియర్. కొండంటే కొండా కాదు, దిబ్బంటే దిబ్బా కాదు, అలాంటి ఎత్తు మీద ఊరు. కింద కొకోసింగ్ అనే ఏరు.

ఈ ఏటి పేరు దగ్గర ఒక కథ వుంది. గుడ్లగూబలుండే చోటు అని అక్కడి ఆదివాసుల భాషలో దానికి అర్థం చెబుతారు. కాలేజీ జట్లని మొదట లార్డ్స్ అనీ, ఆడపిల్లల జట్లని లేడీస్ అనీ పిలిచేవారు. 2022లో ఆ పేర్లు తీసేసి అందరికీ కలిపి ఔల్స్, అంటే గుడ్లగూబలు, అని పెట్టారు. అమ్మాయి ఈ సంగతి చెప్పగానే మా ఆవిడ కారులో ఉలిక్కిపడింది.

"గుడ్లగూబేమిటే! శుభమా అని పిల్లని చదువుకి పంపుతూ!"

"బెంగాలీలకి అది లక్ష్మీదేవి వాహనం అమ్మమ్మా" అంది పిల్ల. ఈ జవాబు ముందే తయారు చేసి పెట్టుకుందని నా అనుమానం.

లార్డ్స్ అనడానికీ కారణం లేకపోలేదు. ఫిలాండర్ చేజ్ అనే బిషప్పు ఇంగ్లండు వెళ్ళి చందాలు పోగు చేసుకొచ్చి 1824లో ఈ కాలేజీ స్థాపించాడు. డబ్బిచ్చిన లార్డ్ కెన్యన్ పేరు కాలేజీకీ, లార్డ్ గేంబియర్ పేరు ఊరికీ పెట్టుకున్నాడు. చందాలిచ్చిన వాళ్ళ పేర్లు గోడమీద రాళ్ళకెక్కించడం మన దగ్గరా వున్నదే. ఊరికే పెట్టెయ్యడం నేను వినలేదు.

ఊరంటే మనం అనుకునే ఊరు కాదు. ఒక పోస్టాఫీసు, ఒక బ్యాంకు, ఒక పుస్తకాల కొట్టు, ఒక సరుకుల కొట్టు, ఒక సత్రంలాంటి హోటలు. మధ్యనించి పొడుగునా గులకరాళ్ళ బాట. దాని పేరు మిడిల్ పాత్. మధ్యేమార్గమన్నమాట! బుద్ధుడు చెప్పినది ఇలా గులకరాళ్ళు పరిచి వుంటుందని ఎవరనుకున్నారు? అటూ ఇటూ మహావృక్షాలు, వాటి ఆకులు ఆ నెలలో పసుపూ కుంకుమా కలబోసినట్టు వున్నాయి. ఆ బాట ఒక కొసన ఓల్డ్ కెన్యన్ అనే పాత రాతిమేడ. 1949 ఫిబ్రవరిలో అది తగలబడి తొమ్మండుగురు విద్యార్థులు పోయారు. బయటి రూపు పాతదే వుండేటట్టు మళ్ళీ కట్టారు. మాకు ఊరు చూపించిన కుర్రవాడు ఈ సంగతి చెప్పేటప్పుడు గొంతు తగ్గించాడు. డెబ్భై అయిదేళ్ళ నాటి కబురు అంత మెల్లిగా చెప్పుకునే చోటు మంచి చోటే అనిపించింది నాకు.

పెద్దవాళ్ళు చాలామంది చదివిన కాలేజీ. అమెరికా అధ్యక్షుడయిన రూథర్‌ఫోర్డ్ హేస్ 1842లో ఇక్కడ పట్టం పుచ్చుకున్నాడు. స్వీడన్ ప్రధానమంత్రి ఓలఫ్ పామె 1948లో. సినిమా నటుడు పాల్ న్యూమన్ 1949లో. ఈయన సంగతి మా పిల్లకి తప్పకుండా చెప్పాలనుకున్నాను: ఆయన మొదట ఫుట్‌బాల్ ఆడేవాడు. ఏదో కొట్లాటలో ఇరుక్కుంటే జట్టులోంచి తీసేశారు. పొద్దు పోక నాటకాల్లో చేరాడు. ఆట పోయినా కాలేజీ మిగిలింది, దాంతో జీవితం కూడా మిగిలింది. ఇది నీతి కథగా చెబితే పిల్లలు వినరు కాబట్టి నడుస్తూ నడుస్తూ మాటవరసకి అన్నట్టు అన్నాను. "తెలుసు తాతయ్యా" అంది.

భోజనం పియర్స్ హాల్లో. 1929 నాటి కట్టడం. రంగురంగుల అద్దాల కిటికీల్లో ఇంగ్లీషు కావ్యాల్లోని ఘట్టాలు చిత్రించారు. కాలేజీ అంతా, అంటే పదిహేడు వందల పైచిలుకు మంది, ఇక్కడే తినాలి. మా ఆవిడ శాకాహారం కోసం నాలుగు గిన్నెలూ పరీక్షించి, పప్పులాంటిదాన్ని కనిపెట్టి, "ఉప్పు లేదు గాని పిల్ల చావదు" అని తీర్పిచ్చింది. ఆ తీర్పుతో మా అమ్మాయి సగం బెంగ తీరింది. మిగతా సగం వేరు. హాలంతా కలయచూసి, "మనవాళ్ళు ఎంతమందున్నారో లెక్కపెట్టు నాన్నా" అంది మెల్లిగా. కొలంబస్‌లో అయితే గుడి, కూచిపూడి క్లాసు, ఉగాదికి వెయ్యిమంది తెలుగువాళ్ళు. ఇక్కడ నల్ల జుట్టున్న తలలు వేళ్ళమీద లెక్కపెట్టినట్టు కనిపించాయి. దాని భయం నాకు అర్థమయింది. ఇరవై నాలుగేళ్ళ క్రితం తను దిగినప్పటి మొదటి చలికాలం అది ఎప్పుడూ నాతో పూర్తిగా చెప్పలేదు.

ఇహ అసలు సంగతి, ఈత.

అమెరికా కాలేజీ ఆటలు మూడు తరగతులు. మొదటి తరగతివి పెద్ద యూనివర్సిటీలు. టెలివిజన్లో కనిపించేవీ, ఆటగాళ్ళకి డబ్బిచ్చి తెచ్చుకునేవీ ఎక్కువగా అవే. మూడో తరగతిలో నాలుగు వందలకి పైగా కాలేజీలున్నాయి. సంఖ్యలో ఇదే పెద్దది. ఇక్కడ నియమం ఒకటే: ఆడుతున్నందుకు కానీ కూడా ఇవ్వకూడదు. ఇంటి ఆదాయం చూసి సహాయం చెయ్యవచ్చు, చదువు చూసి స్కాలర్‌షిప్పు ఇవ్వవచ్చు, ఆట చూసి మాత్రం ఇవ్వకూడదు. కెన్యన్ ఈ మూడో తరగతిలోది. మూడో తరగతంటే రైల్లో మూడో తరగతి అనుకునేరు. ఈ పల్లెటూరి కాలేజీ మగపిల్లలు 1980 నుంచి 2010 దాకా వరసగా 31 ఏళ్ళు ఈతలో జాతీయ విజేతలు. ఆడపిల్లలు 1984 నుంచి 2000 దాకా వరసగా 17 ఏళ్ళు. 2011లో ఆ గొలుసు తెగింది. తెంపింది ఎవరు? అదే జిల్లాల పక్కనున్న డెనిసన్ అనే మరో చిన్న కాలేజీ. ఎంత తేడాతో? ఒకే ఒక్క పాయింటు, 500.5కి 499.5. మాకు చెప్పిన ఈతగాడు ఆనాటికి ఒకటో క్లాసు పిల్లవాడై వుంటాడు. నిన్న జరిగినట్టు చెబుతూ అరచేత్తో తొడ చరుచుకున్నాడు.

ఈత కొలను వున్న భవనం 2006లో తెరిచారు. ఇప్పుడు లోరీ సెంటర్ అంటారు. అద్దాల మేడ. లోపల యాభై మీటర్ల కొలను, నీళ్ళు నీలాకాశం లాగా వున్నాయి. జట్టు సాధన చేస్తున్నది. చేరబోయే పిల్లల్ని నీళ్ళల్లోకి దింపి పరీక్షించకూడదని మూడో తరగతిలో నిబంధన. అందుచేత మా పిల్ల మెట్లమీద నా పక్కనే కూచుని చూసింది. కూచున్నదే గాని భుజాలు మాత్రం వాళ్ళతో పాటు కదులుతున్నాయి.

అందులో కుడి భుజం సంగతి చెప్పాలి. కిందటి వేసవి నుంచీ దానికి నొప్పి. వైద్యుడు ఆరు వారాలు విశ్రాంతి అన్నాడు. అప్పుడు ఇల్లంతా గడియారం ఆగిపోయినట్టు అయిందిట. అల్లుడుగారి బెంగలో మొదటిది డబ్బు కాదు, ఈ భుజమే. కోచి ఎదట కాగితం తీశారాయన. అందులో పదకొండు ప్రశ్నలు. మొదటిదే, "రేపు భుజం పోతే ఏమవుతుంది?"

కోచి తడుముకోలేదు. "ఈత ఆపేస్తుంది. చదువు సాగుతుంది. ఈతకి మేం ఏమీ ఇవ్వం కాబట్టి ఆపినందుకు తీసుకునేదీ ఏమీ లేదు" అన్నారు. పెద్ద యూనివర్సిటీల్లో ఆటకి ఇచ్చిన సొమ్ము ఆటతో ముడిపడి వుంటుంది. ఇక్కడ ముడే లేదు. డబ్బివ్వకపోవడం లోభం అనుకుంటూ వచ్చిన నాకు అందులో ఇంత నిశ్చింత వుందని అప్పుడు తట్టింది.

మిగతా జవాబులు ఇంత తియ్యగా లేవు. మధ్యాహ్నం సైన్సు ప్రయోగశాల వేళా, సాధన వేళా కలుస్తాయా? కలుస్తాయి, ఆ రోజు పొద్దున్నే ఒంటరిగా ఈదుకోవాలి. జట్టులో చోటు ఖాయమా? కాలేజీలో సీటు ఇచ్చేది కోచి కాదు, అడ్మిషన్ల ఆఫీసు. కోచి ఒక మాట సాయం చెయ్యగలరు, అంతే. ఆ మాట బాగా పనిచెయ్యాలంటే ముందస్తుగా, ఎర్లీ డెసిషన్ పద్ధతిలో, నవంబరు మధ్యకల్లా దరఖాస్తు పెట్టాలి. ఇక్కడే మెలిక. ఆ పద్ధతిలో సీటొస్తే చేరి తీరాలి; మిగతా దరఖాస్తులన్నీ వెనక్కి తీసుకోవాలి. ఇచ్చే సహాయం బొత్తిగా చాలకపోతే తప్ప మాట తప్పడానికి వీల్లేదు. అంటే నాలుగు కాలేజీల వుత్తరాలు బల్లమీద పరుచుకుని ఏది చవకో చూసుకునే అవకాశం వుండదన్నమాట. పెళ్ళి సంబంధం మాటిచ్చాక కట్నం ఎంతో తెలియడం లాంటిది!

ఖర్చా, ఏటా ఎనభై వేల డాలర్లు దాటింది, బసా భోజనంతో సహా. మన లెక్కలో అరవై లక్షల పైమాట. ఒహాయో స్టేట్‌లో అయితే రాష్ట్రంలో పిల్ల కాబట్టి ముప్ఫై వేలు, అటూ ఇటూగా. ఈ మొత్తాలు విన్నాక నేను కాసేపు నీళ్ళకేసే చూస్తూ వుండిపోయాను.

అప్పుడే నాకు 1971 గుర్తొచ్చింది. మేం కోటిలింగాల రేవులో దిగి, వేసవిలో నీరు తగ్గినప్పుడు లంకదాకా ఈది, అక్కడ పుచ్చకాయలు తిని, మళ్ళీ ఈదుకుంటూ వచ్చేవాళ్ళం. అంతకు మించి శిక్షణ లేదు. ఆ ఏడు యూనివర్సిటీ జట్టుకి ఎంపిక పోటీలకు రమ్మని వాల్తేరు నుంచి నాకు వుత్తరం వచ్చింది. మా నాన్నగారు దాన్ని చదివి, మడిచి, పంచాంగంలో పెట్టి, "పరీక్షలు దగ్గరకొచ్చాయి" అన్నారు. అంతే. ఆయన మీద నాకు కోపం లేదు. ఆ పరీక్షలు ప్యాసయ్యాను, ఉద్యోగం వచ్చింది, ఆ ఉద్యోగంతోనే ఈ అమ్మాయిని చదివించి అమెరికా పంపాను. అయినా ఆ పంచాంగం ఏ సంవత్సరానిదో నాకింకా గుర్తుంది.

కాబట్టి నా సాక్ష్యం చెల్లదు. తూకం వెయ్యడానికి వచ్చినవాడు సొంత రాయి జేబులో పెట్టుకు రాకూడదు గదా! అల్లుడుగారు "మీరేమంటారు?" అన్నప్పుడు, "నన్ను అడక్కండి బాబూ, నేను పిల్లని ఒక్క ప్రశ్న అడుగుతాను" అన్నాను.

సాయంత్రం, పిల్ల ఒక ఇంగ్లీషు క్లాసులో కూచుని వచ్చింది. చూడవచ్చిన పిల్లల్ని అలా కూచోనిస్తారు. మేం నలుగురం బయట బెంచీమీద. ఏటి పక్కన పాత రైలుదారిని నడకదారి చేశారు. ఆ దారి పక్కన నిలబెట్టిన పాత రైలింజను చూసొచ్చి మా ఆవిడ అలసిపోయి వుంది. క్లాసు ముగిసి పావుగంట అయినా పిల్ల రాదే! అమ్మాయి లేచి తొంగి చూసింది. పెద్ద బల్ల చుట్టూ పదిహేను కుర్చీలు. చాలా ఖాళీ అయ్యాయి గాని మా పిల్లా, ప్రొఫెసరమ్మా, ఇంకో ఇద్దరూ ఇంకా మాట్లాడుకుంటున్నారు. చేతులు తిప్పుతూ మాట్లాడుతోంది మా పిల్ల. ఇంట్లో భోజనాల దగ్గర కంచంలోకి చూసే పిల్ల!

బయటికి రాగానే నా ప్రశ్న అడిగాను. "అమ్మడూ, ఈత లేదనుకో. భుజం పోయిందనుకో. ఈ పల్లెటూళ్ళో, ఈ చలిలో, నాలుగేళ్ళు ఏం చేస్తావు?"

వెంటనే జవాబు చెప్పలేదు. అందుకు నాకు సంతోషం వేసింది. గులకరాళ్ళ బాట మీద చాలాదూరం నడిచాం. పోస్టాఫీసు దాటాక, "లోపల ఆవిడ నన్ను రెండుసార్లు, ఎందుకలా అనుకుంటున్నావు, అని అడిగింది తాతయ్యా. బళ్ళో నన్ను అందరూ నీ టైమెంత అనే అడుగుతారు" అంది. ఇంకో నాలుగడుగులు వేసి, "ఈత లేకపోతే ఏడుస్తాను. కాని ఇక్కడే ఏడుస్తాను" అంది.

వెనక నడుస్తున్న అల్లుడుగారు విన్నారో లేదో తెలీదు. కారులో ఎవరూ మాట్లాడలేదు. పిల్ల వాళ్ళమ్మమ్మ వొళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది. మౌంట్ వెర్నన్ దాటాక అల్లుడుగారు, "ఆ మూడేళ్ళు రెండేళ్ళ పద్ధతి ఏమిటో మళ్ళీ చూడాలి" అన్నారు, ఎవరితోనూ కాదన్నట్టు. మా అమ్మాయి కిటికీలోంచి చూస్తూ, "నాకు ముందు ఆ సహాయం లెక్క చూడాలి" అంది.

ఆ లెక్క వాళ్ళు మూడు రాత్రులు చేశారు. ఆదాయమూ, ఇంటి అప్పూ, చెల్లెలి చదువూ అన్నీ వేస్తే సుమారు ఎంత కట్టుకోవాల్సి వస్తుందో చెప్పే యంత్రం ప్రతి కాలేజీవాళ్ళూ కంప్యూటర్లో పెడతారు. వచ్చిన మొత్తం ఒహాయో స్టేట్ కంటే ఎక్కువే, భయపడినంత కాదు. కొత్త కారు ఆలోచన పోయింది. ఇండియా ప్రయాణం ఒక ఏడాది వెనక్కి జరిగింది. దానికి మాత్రం మా ఆవిడ ఒప్పుకోలేదు. టిక్కెట్లు మేం కొంటామంది. నా పెన్షను సంగతి ఆ క్షణాన ఆవిడకి గుర్తున్నట్టు లేదు.

దరఖాస్తు నవంబరులో పెట్టారు. మేం ఆ నెలలోనే తిరిగొచ్చేశాం. డిసెంబరు మధ్యలో ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి ఫోను మోగింది, అక్కడ సాయంత్రం. అవతల పిల్ల ఏమంటున్నదో తెలీడం లేదు, వెనకనుంచి అల్లుడుగారి గొంతు మాత్రం వినిపిస్తోంది, "మావయ్యగారికి చెప్పు, సీటొచ్చిందని చెప్పు" అంటూ.

సంక్రాంతికి ఎవరో వస్తుంటే వాళ్ళ చేత ఒక పొట్లం పంపింది. నాకో బనీను లాంటి చొక్కా, గుండెల మీద ఊదారంగు గుడ్లగూబ, కళ్ళు ఇంతింత చేసుకుని. మా ఆవిడ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, ఏమీ అనకుండా, ముందు లక్ష్మీదేవి పటం దగ్గర పెట్టి తరవాత నా చేతికిచ్చింది.